ట్రాక్టరు వెనక కత్తిపీట

మిక్సీ బ్లేడు అరిగితే మార్పించడం, గ్రైండరు బెల్టు వదులైతే బిగింపించడం, కుక్కరు గాస్కెట్టు ఇంకెన్నాళ్ళు వస్తుందో చెప్పడం – ఇవన్నీ ఇంట్లో ఎవరికి తెలుసు? మనకే. కానీ అదే బ్లేడు, అదే బెల్టు ట్రాక్టరు వెనక చేరేసరికి ‘అది మగవాళ్ళ వ్యవహారం’ అయిపోతుంది. దాని దగ్గరికి వెళ్ళి ఏదైనా అడిగితే డ్రైవరు దగ్గర్నుంచి మరిదిగారి దాకా అందరూ చిన్నగా నవ్వుతారు.

అలా నవ్వించుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మాది కోనసీమ. కొబ్బరి తోట, అందులో అంతరపంటగా కోకో. తోట పనులు మరిదిగారు చూస్తారు. లెక్కల పుస్తకం మాత్రం మొదట్నుంచీ నా దగ్గరే ఉంది. ఆ పుస్తకంలోకి నాలుగేళ్ళ క్రితం ఒక కొత్త పద్దు చేరింది – కొమ్మలు, మట్టలు ముక్కలు చేసే మిషను. ట్రాక్టరు వెనక తగిలించి నడుపుతారు. ‘చిప్పర్’ అనీ ‘ష్రెడ్డర్’ అనీ రకరకాలుగా పిలుస్తారు. మా కూలీలు మాత్రం ‘మట్టల మిషను’ అంటారు. పద్దు రాయాలంటే అదేమిటో తెలియాలి కదా! అలా మొదలైంది దానితో నా పరిచయం.

ఎందుకీ మిషను?

కొబ్బరి చెట్టు నెలకి సుమారు ఒక మట్ట రాలుస్తుంది. ఎకరానికి డెబ్భై చెట్లనుకుంటే ఏడాదికి ఎనిమిది వందల పైచిలుకు మట్టలు. దానికి తోడు కోకో మొక్కలకి ఏటా చేసే కత్తిరింపులు, గట్ల మీది గిరిపుష్పం కొమ్మలు. ఒకప్పుడు పాకల మీద కప్పడానికీ, దడులు కట్టడానికీ, పొయ్యిలోకీ మట్టలన్నీ సరిపోయేవి. ఇప్పుడు పాకలు తగ్గాయి, ఇంటింటా గ్యాసు పొయ్యి వచ్చింది. అంచేత మట్టలు గుట్టలుగా మిగిలిపోతున్నాయి. చాలాచోట్ల ఓ అగ్గిపుల్ల గీసి పడేస్తున్నారు. ఆ పొగ ఎవరి ఇంట్లోకి వెళుతుందో, ఆరేసిన బట్టలకి ఎలా పడుతుందో, ఆయాసం ఉన్న అత్తగార్లు ఎలా అవస్థపడతారో మనకి వేరే చెప్పక్కర్లేదు.

తగలబెట్టకుండా కుప్పలుగా వదిలేస్తే ఇంకో చిక్కు. కుళ్ళే చెత్తలో, పడిపోయిన కొబ్బరి మానుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అక్కడ పెరిగిన పురుగే చెట్టెక్కి మొవ్వు తొలుస్తుంది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లని ఎలా కూల్చిందో చూసినవాళ్ళు, పడిన మానుల్ని తొందరగా తీసెయ్యడం ఎంత అవసరమో మర్చిపోరు. మాను లాంటి లావు దుంగలు మా మిషనులో పట్టవనుకోండి, వాటికి రంపమే దిక్కు. మట్టలు, కొమ్మలు మాత్రం నిమిషాల్లో చిన్న ముక్కలైపోతాయి.

పట్నంలో ఉండే సోదరీమణులకి కూడా ఇది సంబంధం లేని సంగతి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో చెట్లని నేలకూల్చినప్పుడు వీధుల్లో ఎన్ని కొమ్మలు పేరుకున్నాయో అక్కడివాళ్ళకి తెలుసు. మీ కాలనీ పార్కులో చెట్లు కొట్టిన తరవాత కొమ్మలు ఎక్కడికి వెళుతున్నాయో ఒకసారి కనుక్కోండి. తగలబెడుతుంటే, ఇలాంటి మిషను ఉందని చెప్పండి.

లోపల ఏముంటుంది?

చాలా సులువు. ఒక బరువైన ఇనుప చక్రం, దాని మీద బిగించిన కత్తులు. మా దానికి నాలుగు. వాటికి ఎదురుగా కదలకుండా ఉండే ఇంకో కత్తి. చక్రం తిరుగుతుంటే కొమ్మ ఈ రెండింటి మధ్యా పడి తెగుతుంది. ముక్కలు పై గొట్టం లోంచి దూరంగా ఎగిరి పడతాయి. ట్రాక్టరు వెనక తిరిగే ఒక చిన్న ఇరుసు ఉంటుంది, దాన్ని పీటీవో అంటారు. అక్కణ్ణుంచి మిషను దాకా ఒక పొడుగాటి షాఫ్టు. ఇంజను బలం ఆ షాఫ్టు ద్వారానే మిషనుకి అందుతుంది.

కత్తులు చూసి అందరూ భయపడతారు. నిజానికి కత్తులంత భయపడాల్సింది ఆ షాఫ్టుకి. అది చూడ్డానికి మామూలు గొట్టంలా ఉంటుంది, నిదానంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అదే మోసం.

చీర కొంగూ, తిరిగే షాఫ్టూ

పీటీవో మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి తొమ్మిది. షాఫ్టు చుట్టుకొలత జానెడు అనుకోండి. సెకనుకి తొమ్మిది జానలు, అంటే దాదాపు రెండు మీటర్ల గుడ్డని చుట్టేసుకుంటుంది. మన చీర పొడుగు అయిదున్నర మీటర్లు. మూడు సెకన్లు చాలు. ‘అయ్యో’ అనేలోపు అయిపోతుంది. కొంగు చివర అంటుకుందని తెలిసి చేత్తో లాక్కునే వ్యవధి ఏ మనిషికీ ఉండదు. చున్నీ అయినా, జడ అయినా, లుంగీ అయినా అంతే.

అందుకే షాఫ్టు మీద ఒక ప్లాస్టిక్కు తొడుగు ఇస్తారు. లోపల షాఫ్టు తిరుగుతున్నా పైన తొడుగు తిరక్కుండా ఉండేలా గొలుసుతో కట్టాలి. మా మిషను సెకండ్ హ్యాండుది. వచ్చిన రోజునే చూశాను, తొడుగు లేదు.

“ఈ షాఫ్టు మీద గొట్టం ఉండాలి కదా?” అని డ్రైవర్ని అడిగాను.

“ఉండేదంటండి. అదుంటే గ్రీజు కొట్టడానికి చెయ్యి దూరట్లేదని ఆళ్ళే పీకేశారంటండి. అందరూ అలాగే తోలుతున్నారండి, ఏం కాదండి అమ్మగారూ” అన్నాడు.

మరిదిగారు కూడా “చూద్దాంలే వదినా, ముందు పని కానీ” అన్నారు.

మూడోరోజు మధ్యాహ్నం ఒక కూలీ మట్టల మోపుతో ఆ షాఫ్టు పక్కనుంచి వంగి వెళ్ళాడు. భుజం మీది తువాలు జారింది. తువాలు షాఫ్టుకి చుట్టుకుని పేలికలైపోయింది. అదృష్టం ఏమిటంటే అది భుజం మీద ఊరికే వేసుకున్నది. మెడకి చుట్టుకున్నది కాదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే మరిదిగారు రాజమండ్రి ఫోన్ చేసి తొడుగు తెప్పించమన్నారు. అది బిగించేదాకా మిషను నడవలేదు. మరమ్మతుకని తీసిన తొడుగు మళ్ళీ పెట్టందే ట్రాక్టరు తాళం చెవి ఇవ్వకూడదని ఇంట్లో ఒప్పందం అయింది. తాళం చెవి ఇప్పుడు మా వంటింటి మేకుకి వేలాడుతుంది.

ఆ తరవాత కూలీలందరితో కూర్చుని కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటారు. మన పొలాల్లో అది మామూలే. కొంగు బొడ్లో దోపి, ఆపైన చొక్కా గుండీలన్నీ పెట్టుకోవాలి. జడ వద్దు, ముడి వేసి గుడ్డ కట్టాలి. మెళ్ళో ఉన్నవి చొక్కా లోపలికి పోవాలి. మట్టలు పట్టుకుంటే గాజులు లోపలికి లాక్కుపోయే భయం ఉంది కాబట్టి, మిషను నోటి దగ్గర నిలబడే మనిషికి గాజులుండకూడదు. “గాజులు తియ్యడమేంటమ్మా, అశుభం” అని ఒకావిడ ఒప్పుకోలేదు. సరే, ఆవిడకి మోపులు అందించే పని ఇచ్చాం. మిషను తిరుగుతుంటే షాఫ్టుని దాటడం, దాని పక్కనుంచి నడవడం ఎవరికీ లేదు, చుట్టూ తిరిగి రావాల్సిందే. పిల్లలు ఆ ఛాయలకే రాకూడదు.

నోట్లో చెయ్యి పెట్టకూడదు

మట్టని ఎప్పుడూ మొదలు వైపు నుంచి పెట్టాలి. ఆకుల వైపు పెడితే చుట్టుకుని ఇరుక్కుంటుంది. పెట్టగానే వదిలేసి పక్కకి జరగాలి, ఎదురుగా నిలబడకూడదు. కత్తి పట్టిన కొమ్మ ఒక్కసారి కొరడాలా ఊగుతుంది. చిన్న చిన్న పుల్లలుంటే చేత్తో తొయ్యకండి. వాటి మీద ఇంకో పొడుగాటి కొమ్మ పెడితే అదే తీసుకుపోతుంది. కాలితో తన్నడం అనే మహా పాపం కొందరు చేస్తుంటారు. అది చూస్తే మిషను ఆపించెయ్యండి.

ఇరుక్కుంటే ఏం చెయ్యాలి? ముందు పీటీవో ఆపాలి, తరవాత ఇంజను ఆపాలి, తాళం చెవి తియ్యాలి. అయినా బరువైన చక్రం వెంటనే ఆగదు. ఫ్యాను స్విచ్చి కట్టేశాక కూడా రెక్కలు తిరుగుతూనే ఉంటాయి చూడండి, అలాగే. అది పూర్తిగా నిలిచిందని కంటితో చూశాకే మూత విప్పాలి. మేం పెట్టుకున్న నియమం ఒకటుంది: ఎవరి చెయ్యి లోపలికి వెళుతుందో ట్రాక్టరు తాళం చెవి వాళ్ళ దగ్గరే ఉండాలి. జేబులోనో, కొంగు ముడిలోనో. అప్పుడిక తెలియక ఎవరైనా ఇంజను స్టార్టు చేస్తారన్న భయం లేదు.

చప్పుడు కూడా తక్కువేం కాదు. చెవులకి మఫ్స్, కళ్ళకి అద్దాలు కొనండి. చీర ఖరీదులో అవి ఎంత?

కత్తిపీట తెలిస్తే ఇదీ తెలుస్తుంది

కత్తిపీట మొద్దుబారితే వంకాయ తెగదు, నలుగుతుంది. అవునా? ఇక్కడా అంతే. కత్తులు పదునుగా ఉంటే ముక్కలు శుభ్రంగా చిన్న చిన్న పలకల్లా వస్తాయి. మిషను తనంతట తనే కొమ్మని లోపలికి లాక్కుంటుంది. మొద్దుబారితే పీచు పీచుగా వస్తాయి, దుమ్ము ఎక్కువ లేస్తుంది, కొమ్మని బలవంతాన తోస్తే గాని పోదు. ఇంజను మూలుగుతుంది. డీజిల్ పద్దు పెరుగుతుంది. నేను తోటకి వెళ్ళకుండానే, సాయంత్రం తెచ్చిన గుప్పెడు ముక్కలు చూసి కత్తుల సంగతి చెప్పగలను.

కత్తులకి అసలు శత్రువు కర్ర కాదు, ఇసుక. నేల మీద ఈడ్చుకొచ్చిన మట్టలకి ఇసుక అంటుకుని వస్తుంది. అందుకని మట్టల్ని ఈడవకుండా మోపుగా మొయ్యమంటాం, పెట్టేముందు ఒకసారి విదిలించమంటాం. మేకులు, కంచె తీగలు, నైలాను తాళ్ళు ఉన్నాయేమో చూడాలి. పచ్చి కొమ్మ సులువుగా తెగుతుంది, ఎండితే గట్టిపడుతుంది. కాబట్టి కోకో కత్తిరింపులు అయిన వారంలోనే పని పూర్తి చేయించుకుంటాం.

పదును పెట్టించడంలో రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, గ్రైండింగు రాయి మీద ఎక్కువసేపు నొక్కి ఉంచితే అంచు నీలం రంగుకి తిరుగుతుంది. అంటే ఉక్కు పస పోయినట్టే, ఆ పదును నాలుగు రోజులు కూడా నిలవదు. కొంచెం కొంచెంగా, నీళ్ళలో ముంచుతూ పట్టించాలి. కంపెనీ పెట్టిన వాలు మారకూడదు. రెండు, కత్తులన్నీ సమానంగా అరగాలి. ఒకటి ఎక్కువ అరిగి తేలికైతే చక్రం తూకం తప్పి మిషనంతా ఊగుతుంది, ఆ ఊగుడికి బేరింగులు పోతాయి. నేనేం చేస్తానంటే, పదును పెట్టించి తెచ్చిన కత్తుల్ని వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టి తూస్తాను. మొదట్లో ఆ లేతు పని చేసేవాడు “త్రాసులో తూస్తారేంటండీ, బంగారమా?” అన్నాడు. ఇప్పుడు తనే తూచి పంపిస్తున్నాడు.

ఎదురు కత్తి సందు కూడా ముఖ్యమే. కత్తెర ఎంత పదునుగా ఉన్నా మధ్య మేకు వదులైతే గుడ్డని నములుతుందే గాని కత్తిరించదు. మిషను పుస్తకంలో ఎంత సందు ఉండాలో రాసి ఉంటుంది, అంతే పెట్టించండి. కత్తుల బోల్టులు మాత్రం దొరికినవి వాడకూడదు. అవి గట్టి రకం ఉక్కువి, తలల మీద అంకెలుంటాయి. అదే అంకె ఉన్నవే కొనాలి.

ఇంకో బోల్టు ఉంది, దీని కథ పూర్తిగా తిరగేసి ఉంటుంది. కొన్ని మిషన్లలో షాఫ్టు దగ్గర ‘షియర్ బోల్టు’ అని ఒకటి పెడతారు. అది కావాలనే మెత్తటిది. లోపల ఏదైనా గట్టిగా ఇరుక్కుంటే అది విరిగిపోయి మిగతా మిషన్ని కాపాడుతుంది. మాటిమాటికీ విరుగుతోందని గట్టి బోల్టు వేయిస్తుంటారు కొందరు. ఇంట్లో ఫ్యూజు పోతోందని లావుపాటి తీగ వేసుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

గ్రీజు, బెల్టు, తడి

ప్రతిరోజూ పని మొదలెట్టేముందు షాఫ్టు రెండు చివర్ల క్రాసులకీ, మధ్యలో జారే భాగానికీ గ్రీజు పెట్టాలి. తొడుగు ఉన్నా గ్రీజు గన్ను పెట్టడానికి సందు ఉంటుంది, లేకపోతే పక్కకి జరుపుకోవచ్చు. దానికోసం తొడుగు పీకెయ్యక్కర్లేదు. బేరింగులకి మాత్రం పుస్తకంలో చెప్పినంతే. ఎక్కువ కూరితే సీలు పగులుతుంది. పని అయ్యాక బేరింగు పెట్టె దగ్గర అరచెయ్యి పెట్టి చూడమంటాను, ఇంజను ఆగి, చక్రం నిలిచాకే సుమండీ. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే మర్నాడు మెకానిక్కుని పిలవాల్సిందే.

బెల్టులున్న మిషనైతే, మాడిన రబ్బరు వాసన వస్తే అవి జారుతున్నాయని అర్థం. ఒకటి పోతే జతగా మొత్తం మార్చాలి. కొత్తదీ పాతదీ కలిపితే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. మా కోనసీమ గాలిలో తడి ఎక్కువ. పని అయ్యాక లోపలి జిగురు, చెత్త గీకించి, కత్తులకి కొంచెం పాత ఇంజనాయిలు రాయించి, పాకలో పెట్టించకపోతే ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది.

మరి చీపుళ్ళో?

మిషను వచ్చిన కొత్తల్లో మా తోటలో మట్టలు ఏరుకునే నలుగురు ఆడవాళ్ళు మా ఇంటికొచ్చారు. అందులో పెద్దావిడ అరుగు మీద కూర్చుని, “అమ్మగారండీ, మొత్తం మిషన్లో వేసేస్తే మా చీపుళ్ళకేంటండీ? ఈనెలమ్ముకునే కదండీ మేం బతికేది” అంది.

నాకు నిజంగా జవాబు తోచలేదు. లెక్కల పుస్తకంలో ముక్కల ఎరువు లాభం అని రాస్తున్న చోట, ఇంకొకరి కూడు నష్టం అని రాయడానికి గడి లేదు. ఆ రాత్రి మరిదిగారితో మాట్లాడాం. చివరికి తేలిందేమిటంటే, ఈనెలు మిషనుకేమీ మేలు చెయ్యవు. పొడుగాటి ఆకులే చుట్టుకుని ఇరుక్కునేవి. అంచేత మట్టలు పోగయ్యాక మూడు రోజులు వాళ్ళవి. ఆకు చీరి ఈనెలు తీసుకుంటారు, పొయ్యిలోకి కావలసిన మట్టలు పట్టుకెళతారు. నాలుగోరోజు మిగిలినవి మిషనుకి. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు మిషను పనికి కూడా వస్తున్నారు, మగవాళ్ళతో సమానంగా కూలి తీసుకుంటున్నారు. మిగతా ఇద్దరూ చీపుళ్ళే నయమన్నారు. అదీ వాళ్ళ ఇష్టమే.

ముక్కలతో ఏం చేస్తారు?

కొంత చెట్ల పాదుల్లో పరుస్తాం. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. మొదలుకి ఆనించకుండా కొంచెం ఎడంగా వెయ్యాలి. పచ్చి ముక్కల్ని మట్టిలో కలిపెయ్యకండి. కుళ్ళేటప్పుడు అవి నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క పసుపెక్కుతుంది. పైన పరిస్తే ఆ ఇబ్బంది లేదు.

మిగతాది వానపాముల ఎరువుకి. కొబ్బరి ఆకుతో ఎరువు చేసే పద్ధతిని కేరళలోని కాసరగోడ్ కేంద్రీయ తోటపంటల పరిశోధన సంస్థ వాళ్ళు అభివృద్ధి చేశారు. బరువులో పదోవంతు పేడ కలిపి, కొన్నాళ్ళు మగ్గనిచ్చి వానపాముల్ని వదులుతారు. రెండున్నర, మూడు నెలల్లో ఎరువు చేతికొస్తుంది. తొట్టి మీద వల కప్పండి, అప్పుడప్పుడు తిరగెయ్యండి. లేకపోతే కొమ్ము పురుగు అందులోనే కాపురం పెడుతుంది. లావుపాటి తెల్లటి పురుగులు కనిపిస్తే ఏరించెయ్యాలి. మా వైపు వాళ్ళు అనుమానాలుంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగవచ్చు.

కొనాలా, అద్దెకి తెచ్చుకోవాలా?

ఇక్కడే మన లెక్కలు పనికొస్తాయి. ఉదాహరణకి రెండు లక్షల మిషను పదేళ్ళు వస్తుందనుకోండి. ఏడాదికి రెండు వందల గంటలు నడిస్తే గంటకి వంద రూపాయలు మిషను అరుగుదలే. ఏడాదికి ఇరవై గంటలే నడిస్తే గంటకి వెయ్యి! దాని మీద డీజిలు, డ్రైవరు, కూలీలు, పదును, గ్రీజు, మరమ్మతు. రెండు మూడెకరాలున్నవాళ్ళు ఒక్కళ్ళే కొనడం దండగ. అద్దెకి తెచ్చుకోవడమో, నలుగురు కలిసి కొనుక్కోవడమో మేలు. పొదుపు సంఘాల సోదరీమణులు ఆలోచించదగ్గ సంగతి ఇది. మేం అద్దెకి ఇచ్చేటప్పుడు మిషన్ని ఒంటరిగా పంపం, మా మనిషి వెళతాడు. లేకపోతే ఎవరి తోటలో మేకు కత్తికి తగిలిందో తేలదు.

కేంద్ర ప్రభుత్వం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులతోపాటు మహిళా రైతులకీ 50 శాతం దాకా రాయితీ పెట్టారు. ఏ మిషనుకి ఎంత వస్తుందో ఏటికేడు మారుతుంటుంది కాబట్టి, మీ మండల వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోండి. ఆ రాయితీ కోసం బిల్లు ఆడవాళ్ళ పేరు మీద రాయించడం మన పల్లెల్లో చాలామంది చేసేదే. మంచిదే. కానీ బిల్లు మీద పేరున్న ఆవిడ ఆ మిషన్ని ఒక్కసారి కూడా దగ్గరగా చూసి ఉండదు. రేపు దాని వల్ల ఎవరికైనా ఏదైనా అయితే, ఆ కాగితం మీదున్న పేరు ఎవరిది? నూర్పిడి మిషన్లలో చేతులు పోయిన కూలీల గోడు విన్న తరవాతే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. గాయపడినవాళ్ళకి నష్టపరిహారం సంగతి కూడా అందులో ఉంది. పేరు మనదైనప్పుడు పూచీ కూడా మనదే.

మీ ఇంట్లో ట్రాక్టరు ఉంటే, దాని వెనక తగిలించేది ఏదైనా సరే – మట్టల మిషను కానివ్వండి, నూర్పిడి మిషను కానివ్వండి – రేపు పొద్దున్న కాఫీ తాగాక ఒకసారి వెళ్ళి చూడండి. ఇంజను ఆగి ఉన్నప్పుడే. షాఫ్టు మీద తొడుగు ఉందా? పగిలిందా? గొలుసు కట్టి ఉందా? లేకపోతే, తెచ్చేదాకా పని ఆపమని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి. తాళం చెవి ఎక్కడుందో మాత్రం ముందే చూసి పెట్టుకోండి.